వాలెట్టాలో ఒక్క పగలు: టూరు తీసుకోకుండా నడిచి చూశాం

మాది కూకట్‌పల్లి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గోల్కొండ వెళ్ళినా బాలాహిస్సార్ దాకా రాకుండా కిందే కూర్చుంటుంది. అందుకే మెడిటరేనియన్ క్రూజ్ బుక్ చేసినప్పుడు, మధ్యలో ఒక్క పగలు ఆగే వాలెట్టా గురించే నాకు ఎక్కువ టెన్షన్. మాల్టా రాజధాని అది, చుట్టూ ఎత్తైన కోటగోడలు, పక్క సందులన్నీ మెట్లే. ఓడవాళ్ళ టూరుకి మనిషికి అరవై యూరోల పైనే అడిగారు, నలుగురం కదా, వద్దనుకున్నాం. చూసొచ్చాక చెప్తున్నా, ఈ ఊరికి టూరు దండగ.

ఓడ కోట కిందే ఆగుతుంది. గేటు బయట ఒక టాక్సీ అతను లిఫ్టు పని చేయడం లేదు, పెద్దావిడ మెట్లు ఎక్కలేరు అని చెప్పి 20 యూరోలు తీసుకుని ఐదు నిమిషాల్లో పైన దింపేశాడు. పైకెళ్ళి చూస్తే లిఫ్టు చక్కగా నడుస్తోంది! డబ్బు పోయినందుకు కాదు, అమ్మ నొప్పిని చూపించి అబద్ధం చెప్పినందుకు చాలా బాధేసింది. మీరు నీళ్ళ పక్కనే పది, పదిహేను నిమిషాలు నడిచి బారక్కా లిఫ్టు ఎక్కేయండి, కోటగోడ పక్కనుంచి 58 మీటర్లు పైకి తీసుకెళ్ళి నేరుగా అప్పర్ బారక్కా తోటలో దింపుతుంది.

ముందు సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చికి వెళ్ళాం. ఆదివారం టూరిస్టుల్ని రానివ్వరు, మీ ఓడ ఏ రోజు ఆగుతుందో చూసుకోండి. బయటినుంచి మామూలు రాతి కట్టడం, లోపల అడుగు పెడితే గోడలన్నీ బంగారం. నేలంతా రంగురాళ్ళ పలకలు, వాటిమీద పుర్రెలు, అస్థిపంజరాలు, దేవదూతలు. ఆ ఒక్కో పలకా ఒక్కో సమాధి, ఒకప్పుడు మాల్టాని ఏలిన సెయింట్ జాన్ సంఘం యోధులవి, దాదాపు 400 మందివి. ఆ మాట వినగానే అమ్మ ఆగిపోయింది, "వాళ్ళమీద కాలు పెట్టి ఎలా నడుస్తాంరా?" అని. చివరికి చెయ్యి నేలకి తాకించి కళ్ళకద్దుకుని, గోడవారగా నడిచింది.

పక్క హాల్లో ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, బాప్టిస్ట్ యోహాను తల నరికే దృశ్యం. మన చార్మినార్ కట్టిన పదిహేడేళ్ళకి వేసింది. మెడనుంచి కారిన నెత్తుటి మడుగులోనే కరవాజియో సంతకం ఉంది, తెలియకపోతే కనపడదు. ఆయన సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. ఆయనా ఆ యోధుల సంఘంలో సభ్యుడే, అదే ఏడాది చివర్లో అందులోంచి వెలేశారు, అదీ ఈ హాల్లోనే, ఈ చిత్రం ముందే! అది విన్నాక నాన్న ఇంకో అరగంట అక్కడే కూర్చుండిపోయారు. ఓడవాళ్ళ టూరులో అయితే గైడు వెనకాల పరిగెత్తాల్సి వచ్చేది.

పన్నెండింటికి మళ్ళీ తోటకి వచ్చి ఫిరంగి పేల్చడం చూశాం. సాయంత్రం నాలుగింటికీ పేలుస్తారు, పైనుంచి చూస్తే టికెట్ అక్కర్లేదు.

తిండికి పాస్తిట్సీ తిన్నాం, పొరలు పొరలుగా మన కర్రీ పఫ్‌లా ఉంటుంది, లోపల బఠాణీ ముద్దో రికోట్టా చీజో పెడతారు. పిండిలో పంది కొవ్వు కలిపే చోట్లు ఉన్నాయి, శాకాహారులు అడిగి తీసుకోండి. ఇంగ్లీషు అధికార భాష కాబట్టి అడగడానికి ఇబ్బంది లేదు. బండ్లు కూడా మనలాగే ఎడమవైపు నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు నాన్నకి కంగారు లేదు. షెంగెన్ దేశమే, ఇటలీకి తీసుకున్న వీసాయే సరిపోయింది.

రిపబ్లిక్ స్ట్రీట్ షాపుల మీద గంట పోగొట్టాం, అది తప్పు. ఆ టైములో దైసా అనే చిన్న పడవ ఎక్కి ఎదురుగట్టున ఉన్న బిర్గు చూసి ఉండాల్సింది.

సాయంత్రం ఓడ కోటగోడల పక్కనుంచే కదిలింది. ఎండకి ఆ రాయంతా తేనె రంగులో ఉంది. మధ్యాహ్నం మేం నిలబడ్డ తోటలోని కమానుల దగ్గరనుంచి ఎవరో చేతులు ఊపుతున్నారు. అమ్మ కుర్చీలోంచి లేచి రెయిలింగు పట్టుకుని, వాళ్ళు కనపడకుండా పోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.