హ్యాంక్స్ సాల్ట్ సొల్యూషన్: వెటర్నరీ వైరాలజీ ల్యాబ్‌కి ఏ రకం కొనాలి

ముందే చెప్పేస్తాను. పశువుల వైరస్‌ల మీద పనిచేసే చిన్న ల్యాబ్ అయితే సెల్స్‌ని కడగడానికి వాడే ఉప్పులూ గ్లూకోజూ కలిపిన ద్రావణం, అంటే హ్యాంక్స్ బ్యాలెన్స్‌డ్ సాల్ట్ సొల్యూషన్ తీసుకోండి, అదీ రెండు రకాలూ తీసుకోండి: కాల్షియం, మెగ్నీషియం ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. ఒక్కటి కొని రెండు పనులకీ సరిపెట్టుకుందామంటే కుదరదు, అక్కడ మిగిలిన డబ్బు ఇక్కడ చచ్చిపోయిన సెల్స్ రూపంలో పోతుంది. మా ల్యాబ్‌లో వైరస్ పెంచడానికి వీరో (కోతి కిడ్నీవి), బీహెచ్‌కే-21 (హ్యామ్‌స్టర్ కిడ్నీవి), ఎండీబీకే (ఆవు కిడ్నీవి) సెల్స్ నడుస్తుంటాయి, అప్పుడప్పుడు కోడి పిండం సెల్స్ కూడా తీస్తాం, కాబట్టి ఈ రివ్యూ ఆ పనులు చేసేవాళ్ళకే ఎక్కువ ఉపయోగం.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఎక్కువ మంది తడబడేది హ్యాంక్స్ కొనాలా, ఇలాంటిదే అయిన ఎర్ల్ సాల్ట్ సొల్యూషన్ కొనాలా అన్న దగ్గర. రెండింట్లోనూ గ్లూకోజ్ లీటరుకి 1 గ్రామే, పొటాషియం క్లోరైడ్ 0.4 గ్రాములే. అసలు తేడా సోడియం బైకార్బొనేట్‌లో ఉంది: హ్యాంక్స్‌లో లీటరుకి 0.35 గ్రాములు, ఎర్ల్‌లో 2.2 గ్రాములు. అంటే ఎర్ల్ సొల్యూషన్ 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్ కోసం, హ్యాంక్స్ మామూలు గాలిలో, హుడ్ (శుభ్రమైన గాలి ఆడే క్యాబినెట్) కింద, టేబుల్ మీద చేసే పని కోసం. ఎర్ల్ బాటిల్ మూత తీసి హుడ్‌లో కాసేపు ఉంచితే గ్యాస్ బయటికి పోయి, పీహెచ్‌ని బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ ముదురు గులాబీలోకి వెళ్ళిపోతుంది, అదే హ్యాంక్స్ పోసిన ప్లేటుని ఇంక్యుబేటర్‌లో పెడితే పసుపు తిరుగుతుంది. ఇది రంగు మారడంతో ఆగే విషయం కాదు. గాలికుంటు వైరస్ ఆమ్లాన్ని అసలు తట్టుకోలేదు, పీహెచ్ 6.5 కిందికి దిగితే చచ్చిపోతుంది, అప్పుడు సెల్స్‌లో మార్పు రాలేదని శాంపిల్‌ని నెగెటివ్ అని రాసేస్తే దాని వెనక ఒక రైతు మంద ఉంటుంది.

ఇక కాల్షియం సంగతి. సెల్స్ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటానికి కాల్షియం కావాలి, అందుకే సెల్స్‌ని ఫ్లాస్క్ నుంచి ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ వేసే ముందు కాల్షియం, మెగ్నీషియం లేని హ్యాంక్స్‌తోనే కడగాలి. సెల్స్ పెంచే మీడియంలోని సీరం మిగిలితే అది ట్రిప్సిన్‌ని పనిచేయనివ్వదు, కాబట్టి ఈ కడుగుడు పైపైన కానిచ్చేది కాదు. బీహెచ్‌కే సెల్స్ అయితే ఎలాగోలా తొందరగా లేచొచ్చేస్తాయి గానీ ఎండీబీకే మహా మొండివి. ఫ్లాస్క్ అడుగున కాకుండా పక్క గోడ మీదుగా మెల్లగా సొల్యూషన్ పోసి, అటూ ఇటూ వంచి, తీసేసి, మళ్ళీ ఒకసారి అలాగే చేశాక ట్రిప్సిన్-ఈడీటీఏ (ఈడీటీఏ మిగిలిన కాల్షియాన్ని పట్టేసుకుంటుంది) వేస్తే, మైక్రోస్కోప్ కింద సెల్స్ అంచులు విడిపోయి ఒక్కొక్కటే గుండ్రంగా ముడుచుకోవడం కనిపిస్తుంది. కాల్షియం ఉన్న సొల్యూషన్‌తో కడిగితే ఎంతసేపు చూసినా షీటు షీటుగా, ముద్దలుగా లేస్తాయి, కౌంట్ సరిగా రాదు.

కోడి పిండం ఫైబ్రోబ్లాస్ట్‌లు (కణజాలాన్ని కలిపి ఉంచే సెల్స్) తీసేవాళ్ళకి ఈ బాటిల్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 9 నుంచి 11 రోజుల పిండం తీసి, తల, కాళ్ళు, లోపలి అవయవాలు తీసేసి, కత్తెరతో సన్నగా తరిగిన ముక్కల్ని హ్యాంక్స్‌లో వేసి కదిపితే మొదట నీళ్ళు ఎర్రగా, మబ్బుగా ఉంటాయి, ముక్కలు అడుక్కి దిగాక పైది వంపేసి మళ్ళీ పోస్తూ తేటగా వచ్చేదాకా కడగాలి. ఉత్త సెలైన్‌తో కడిగినప్పటికంటే ఇలా కడిగిన సెల్స్ బాగా అతుక్కుంటాయని నా అనుభవం, గ్లూకోజ్ ఉండటం ఒక కారణం కావచ్చు.

వైరస్ ఎక్కించే ముందు కడగడానికి మాత్రం కాల్షియం, మెగ్నీషియం ఉన్నదే వాడండి, లేకపోతే ఫ్లాస్క్‌కి అతుక్కున్న సెల్స్ షీటు వదులైపోతుంది. మీడియంలో వేసే పశువుల సీరంలో ఐబీఆర్, బీవీడీ లాంటి పశువుల వైరస్ జబ్బులకి యాంటీబాడీలు ఉండి మన వైరస్‌ని అడ్డుకునే అవకాశం ఉంది కాబట్టి మన విషయంలో ఈ కడుగుడు మానవ వైరస్‌ల ల్యాబ్‌లో కంటే ముఖ్యం. స్వాబ్‌లు తేవడానికి కూడా బాగుంటుంది. కోవిడ్ సమయంలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఇచ్చిన ట్రాన్స్‌పోర్ట్ మీడియం ఫార్ములాలో ఆధారం ఇదే: హ్యాంక్స్, 2 శాతం సీరం, బాక్టీరియాకి జెంటమైసిన్, ఫంగస్‌కి యాంఫోటెరిసిన్. మేకల్లో పీపీఆర్ (గొర్రెలు, మేకలకి వచ్చే వైరస్ జబ్బు) అనుమానం ఉన్నప్పుడు ముక్కు స్వాబ్‌లకి మేం యాంటీబయాటిక్ కలిపిన హ్యాంక్సే పంపుతాం. ట్యూబ్ పసుపు తిరిగి వచ్చిందంటే దార్లో బాక్టీరియా పెరిగిందేమోనని అనుమానించండి, ఐస్ బాక్సు సంగతి అడగండి. గాలికుంటు పుండ్ల పొరలకి మాత్రం ఇది వద్దు, వాటికి సగం గ్లిసరాల్, సగం ఫాస్ఫేట్ బఫరే సరైనది. హ్యాంక్స్‌కి ఉన్న పెద్ద లోపం అదే, బఫర్ బలం, అంటే పీహెచ్‌ని నిలబెట్టే శక్తి తక్కువ, ఒకే బాటిల్‌ని పదే పదే తెరిస్తే పీహెచ్ జారిపోతుంది.

పౌడరా, రెడీ బాటిలా? గిబ్కో, సిగ్మా, ముంబై హైమీడియా, ఎవరి దగ్గర తీసుకున్నా ఫార్ములా ఒకటే, మా సెల్స్‌లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఖర్చు చూస్తే పౌడర్ చాలా నయం, కానీ అది మీ నీళ్ళంత మంచిదే అవుతుంది. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను అంతసేపు కొట్టుకునేలా చేసింది కుళాయి నీళ్ళలోని కాల్షియమేనని తేలింది కదా, నీళ్ళలో ఏముందో తెలియకుండా కాల్షియం లేని సొల్యూషన్ తయారుచేశామనుకోవడంలో అర్థం లేదు. పౌడర్‌లో సాధారణంగా బైకార్బొనేట్ ఉండదు, లేబుల్ చూసి విడిగా కలపాలి. ఆటోక్లేవ్ (ఆవిరి ప్రెషర్‌తో స్టెరిలైజ్) చేయొద్దు, గ్లూకోజ్ రంగు మారుతుంది, కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లగా దిగుతాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టుకోవాలి. వడకట్టేటప్పుడు పీహెచ్ కొంచెం పెరుగుతుంది కాబట్టి ముందే కాస్త తక్కువలో పెట్టుకోండి. ఒక సప్లయర్ వానాకాలంలో పంపిన ప్యాకెట్లు లోపలే గడ్డకట్టి వచ్చాయి, ఫోటోలు పెట్టి అడిగితే మార్చి ఇచ్చారు గానీ ఆ వారం పని ఆగిపోయింది. ప్యాకెట్ అందుకున్న రోజే నొక్కి చూడండి, పొడిపొడిగా లేకపోతే తీసుకోవద్దు.

నా లెక్కలో 5కి 4. మంచి నీళ్ళూ ఫిల్టర్ సెట్టూ ఉంటే కడుగుడుకి పౌడర్ తీసుకోండి, స్వాబ్ ట్యూబులకీ ఇన్ఫెక్షన్ ముందు కడగడానికీ 500 ఎంఎల్ రెడీ బాటిళ్ళు పెట్టుకోండి. ఫ్లోరసెన్స్ చూసే ప్లేట్లు ఉంటే ఆర్డర్‌లో ఫినాల్ రెడ్ లేనిది కావాలని ప్రత్యేకంగా రాయండి, రాయకపోతే ఎర్రదే వచ్చే అవకాశం ఎక్కువ.