జాగ్రత్త: లేబుల్ లేని "ఆర్గానిక్" గడ్డిమందు కొనకండి

కొత్తగా మిద్దెతోట మొదలుపెట్టినవాళ్లు, పెరట్లో నాలుగు కూరగాయ మొక్కలు వేసుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. వానలు పడగానే కలుపు టెన్షన్ మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే కొన్ని నర్సరీల్లో "ఆర్గానిక్ మందండీ, గడ్డి ఒక్కటే చస్తుంది, మీ మొక్కకేమీ కాదు" అంటూ ఏ లేబులూ లేని సీసా చేతిలో పెడుతున్నారు.

మేం హైదరాబాద్ శివార్లలో ఒక నర్సరీ నుంచి ఎర్రమట్టి, వర్మికంపోస్ట్ కలిపిన బస్తాలు తెచ్చుకున్నాం. మొదటి వానలకే కుండీల నిండా తుంగ లేచింది. తవ్వి చూస్తే ఆ మట్టిలోనే నల్లటి తుంగ గడ్డలు, ఒకదానికొకటి వేరుతో అతుక్కుని ఉన్నాయి. వెళ్లి అడిగితే వాళ్లే ఈ సీసా ఇచ్చారు, అంతా వేపనూనె, మూలికలే అన్నారు. మొక్కల మీద పడకుండా తుంగకే కొట్టినా, కొన్ని రోజులకే పక్కనున్న టమాటా, బెండ ఆకులు మెలితిరిగిపోయి, చిగుళ్లు సన్నగా ముడుచుకుపోయి, కాడలు వంగిపోయాయి. తుంగ కాస్త పసుపెక్కి మళ్లీ మొలిచింది! ఫోటోలు చూసిన వ్యవసాయ అధికారి ఇవి 2,4-డి లాంటి కలుపు మందు తుంపర తగిలినప్పుడు వచ్చే లక్షణాలు అన్నారు. నర్సరీవాళ్లని అడిగితే "డోసు ఎక్కువైంది" అన్నారు, డోసు ఎంతో రాసిన కాగితం ముక్క కూడా ఇవ్వకుండా. బిల్లూ లేదు. ఆ కుండీల్లో కాసినవే కదా ఇంట్లో పిల్లలకి వండిపెట్టేది, ఆ మాత్రం ఆలోచించరా?

రసాయన కలుపు మందులు కూడా 1968 నాటి పురుగుమందుల చట్టం కిందికే వస్తాయి. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ, గడువు తేదీలు, లోపలున్న మందు పేరు, విషం తీవ్రత చెప్పే రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఇవేవీ లేని సీసా ఎంత చవకగా ఇచ్చినా వద్దు. గ్లైఫోసేట్ అనే కలుపు మందునైతే పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (పురుగుల నివారణ పని చేసేవాళ్లు) తప్ప ఇంకెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఆంక్ష పెట్టింది, కాబట్టి మిద్దెతోటకని అది అమ్మితే అస్సలు తీసుకోకండి. ఉప్పునీళ్లు పోయమనే సలహా కూడా వినకండి, మట్టే పాడవుతుంది.

మట్టి కొనేటప్పుడు బస్తా విప్పించి, చేత్తో కెలికి గడ్డలున్నాయేమో చూడండి. ఇప్పటికే తుంగ ఉంటే పైన పీకితే లాభం లేదు, కింద గడ్డ ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. వాన వెలిశాక తడి మట్టిలో బొరిగతో లోతుగా తవ్వి గడ్డతో సహా తియ్యండి, వాటిని కంపోస్టులో వెయ్యకండి. పంట అయిపోయిన కుండీల మట్టిని మే నెల ఎండలో పల్చగా పరిస్తే పైకి తేలిన గడ్డలు ఎండి మొలకెత్తే శక్తి పోతుంది. మిగతా చిన్న కలుపుకి మొక్క మొదట్లో ఎండాకులు మందంగా పరిస్తే చాలావరకు సరిపోతుంది.

ఇప్పటికే ఇలాంటి సీసా కొన్నవాళ్లు పారబొయ్యకండి. పిల్లలకి అందకుండా పెట్టి, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, మొక్కల ఫోటోలు దాచుకుని వ్యవసాయ శాఖ అధికారికి చూపించండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. మందు పడిన మొక్కల కాయలు మాత్రం తినకండి.