వాయిస్ టైపింగ్‌కు ‘అమ్మీ’ వినపడదు: రెండు నెలలు వాడాక

భుజం నొప్పితో ఫోన్‌లో ఎక్కువసేపు టైపు చేయలేకపోతున్నాను. అందుకని రెండు నెలలుగా కీబోర్డులోని తెలుగు వాయిస్ టైపింగ్ వాడుతున్నాను. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు పడతాయి. కంపెనీ పేరు రాయడం లేదు. స్నేహితులతో కబుర్లకు దీన్ని వాడదామనుకునే వాళ్లకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

సెలవు చీటీ, బ్యాంకుకు అర్జీ లాంటివి చక్కగా రాస్తుంది. చుక్కలు, కామాలు మనం పెట్టుకుంటే చాలు. వాటికి నాకే ఇబ్బందీ లేదు.

చిక్కంతా మా నలుగురి గ్రూపులో వచ్చింది. 1994లో బీఈడీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. నాది కృష్ణా వైపు, మిగతా ముగ్గురిదీ కడప, శ్రీకాకుళం, కరీంనగర్. ఎవరి ఊరి పిలుపు వాళ్లకే అతుక్కుపోయింది. కడప ఆమె ‘అమ్మీ’, శ్రీకాకుళం ఆమె ‘ఓలే’, కరీంనగర్ ఆమె ‘పోరీ’. నన్ను ముగ్గురూ ‘ఏమే’ అంటారు, నా నోట విని నేర్చుకున్నదే. ఇన్నేళ్లలో పేర్లు పెట్టి పిలుచుకున్నది తక్కువ.

‘అమ్మీ, వచ్చినావా’ అని చెబితే ‘అమ్మి వచ్చినావా’ అని పడింది. ఏం అమ్మాలని కడప ఆమె అడిగింది పాపం. ‘ఓలే’ అంటే ‘వలె’ అని రాసింది. ‘పోరీ, ఎట్లున్నవ్’ అంటే ‘పోరు ఎలా ఉన్నావు’ అని, యాసను కూడా తనే దిద్ది పెట్టింది. ‘ఒకసారి రావే’ అన్నది ‘ఒకసారి రావు’ అయింది. ఆ చివరి ‘వే’లోనే కదా చనువంతా ఉండేది! అది పోతే పిలుపు కాస్తా నింద అయిపోయింది.

వీటన్నిటినీ సర్దుకోవచ్చు. నన్ను నిజంగా బాధపెట్టింది వేరే. కొన్నిసార్లు పిలుపును తప్పుగా రాయడం కాదు, అసలు వదిలేస్తుంది. పోయిన నెల కడప ఆమె వాళ్లమ్మకు ఆపరేషన్ జరిగింది. రెండు రోజులు కబురు లేకపోతే టెన్షన్ పడి, ‘అమ్మీ, పలకవేం?’ అన్నాను. వెళ్లింది మాత్రం ‘పలకవేం?’ ఒక్కటే. నేను చూసుకోకుండా పంపేశాను. ఆస్పత్రి వరండాలో కూర్చున్న మనిషికి అది ఎలా వినపడి ఉంటుంది? రాత్రి ఫోన్ చేసి, “ఏమే, నా మీద కోపమా?” అంది. ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఆయన ఇదే ఫోన్‌లో ‘బావా’, ‘మామా’ అంటే ఒక్కసారీ తప్పు పోలేదు. ‘వదినా’ కూడా సరిగ్గానే పడుతుంది. ఇవి వరస కలుపుకునే పిలుపులు. మేనరికాలున్న మన చుట్టరికాల్లో బావా, వదినా అంటే వేళాకోళమాడే వరస. అన్న, అక్క అంటే కాస్త మన్నన ఉండాలి. అందుకే ఏ బంధుత్వమూ లేని స్నేహితులు కూడా ‘బావా’ అని ఏడిపించుకుంటారు, ఆడవాళ్లు ‘వదినా’ అని ఆటపట్టించుకుంటారు. ఆ మాటలకు చుట్టరికంలో ఒక చోటుంది, రాతలోనూ తరచూ కనిపిస్తాయి. ‘ఓలే’, ‘పోరీ’ అలా కావు. ఎవరు ఎవరిని అంటున్నారన్నదే వాటి అర్థం. ‘ఒసే’ అని నా స్నేహితురాలు అంటే ముద్దు, దారిన పోయేవాడు అంటే తిట్టు.

సెట్టింగుల్లో సొంత పదాల జాబితా ఉంటే నాలుగు పిలుపులూ చేర్చాను. వేలితో కొట్టేటప్పుడు అవి సూచనల్లో వస్తున్నాయి గానీ, నోటితో చెబితే మళ్లీ పాత కథే. పైగా ‘స్నేహితురాలా’ అని సూచిస్తుంది. అలా ఎవరు పిలుస్తారు?

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలతో 1962లో, చేనేత పదాలతో 1971లో వచ్చింది. రైతులూ నేతవాళ్లూ తమ తమ ప్రాంతాల్లో వాడే మాటలు అలా పుస్తకానికి ఎక్కాయి. కీబోర్డు తయారుచేసేవాళ్లు పిలుపుల కోసం కూడా అంత శ్రద్ధగా నాలుగు ప్రాంతాల ఆడవాళ్ల మాటా వినాలని నా కోరిక.

అర్జీలకైతే నాలుగు స్టార్లు, స్నేహితులతో మాట్లాడుకోవడానికి ఒక్కటే. తీసేయలేదు, వాడుతూనే ఉన్నాను. మొదటి మాట మాత్రం వేలితో కొట్టి, మిగతాది నోటితో చెబుతున్నాను. ‘అమ్మీ’కి ఐదు నొక్కులు. ఆ మాత్రానికి నా భుజం ఓర్చుకుంటుంది.