గ్రేట్ బారియర్ రీఫ్ తీర పైలట్ సేవ: పనితనానికి మంచి మార్కులు, పోటీకి కాదు

విశాఖ ఉక్కు కర్మాగారానికి ఆస్ట్రేలియా కోకింగ్ బొగ్గు కావాలి. ఆ బొగ్గును దించి, ఖాళీగా మళ్లీ క్వీన్స్‌లాండ్‌లోని హే పాయింట్‌కు వెళ్లే పనామాక్స్ అనే పెద్ద సరుకు ఓడల మీద నేను కొన్నేళ్లు చీఫ్ మేట్‌గా (కెప్టెన్ తరువాతి అధికారిగా), ఆ తరువాత కెప్టెన్‌గా పనిచేశాను. దారిలో ఆస్ట్రేలియాకూ న్యూ గినియాకూ మధ్యనున్న టోరెస్ జలసంధి దగ్గర, ఓడకు దారి చూపే పైలట్ ఒకరు ఎక్కుతాడు, కెయిర్న్స్ దగ్గర దిగిపోతాడు. ఈ సమీక్ష ఆ సేవ గురించి. ఓడల మీద పనిచేసే మనవాళ్లు తక్కువేమీ కాదు గానీ, ఈ సేవ మంచిచెడ్డలను తెలుగులో రాసినవారు నాకు ఇంతవరకు కనబడలేదు.

సముద్రం సంగతి తెలియనివారి కోసం ఒక మాట. గోదావరి మీద లాంచీ నడిపే సరంగుకు ఏ మలుపులో ఇసుక మేట వేసిందో ఎలా తెలుస్తుందో, తన నీటి దారిలో ఏ దిబ్బ ఎక్కడ ఉందో, పోటు ఎటు లాగుతుందో పైలట్‌కు అలా తెలిసి ఉంటుంది. తేడా ఏమిటంటే, లాంచీ సరంగుదే. ఓడ మాత్రం పైలట్‌ది కాదు. అతను దారి చెబుతాడు, చుక్కాని తిప్పిస్తాడు; అయినా ఏదైనా జరిగితే కెప్టెన్ బాధ్యత తొలగిపోదు. రేవు పైలట్ పని సాధారణంగా ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది. ఇక్కడ పగడపు దిబ్బలకూ తీరానికీ మధ్య సాగే ఇన్నర్ రూట్ సుమారు 500 నాటికల్ మైళ్లు కాబట్టి ఒకే మనిషి దాదాపు ఒకటిన్నర రోజు ఓడ మీదే ఉంటాడు. ఆ సమయమంతా అతను మేలుకొని ఉండలేడని చెప్పనక్కరలేదు. నీళ్లు విశాలంగా ఉన్నచోట్ల ఆ వేళ విధిలో ఉన్న వాచ్ అధికారికి అప్పగించి, ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి వెనక సోఫా మీదనో ఇచ్చిన కేబిన్‌లోనో కాసేపు నడుం వాల్చి, ఇరుకు రాకముందే లేచి వస్తాడు.

ఈ సేవను తీసుకోవడం మన ఇష్టాయిష్టాల మీద లేదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1990లో ఆ పగడపు దిబ్బల వరుసను, అంటే గ్రేట్ బారియర్ రీఫ్‌ను, ప్రత్యేక రక్షణ అవసరమైన సముద్ర ప్రాంతంగా గుర్తించింది. ఆ మరుసటి ఏడాది ఆస్ట్రేలియా ఇన్నర్ రూట్‌లో 70 మీటర్లు, అంతకు మించిన పొడవున్న ఓడలకూ, ఎంత చిన్నవైనా సరే సరుకు నిండిన చమురు, రసాయన, గ్యాస్ ట్యాంకర్లకూ పైలట్‌ను తప్పనిసరి చేసింది. 2006లో టోరెస్ జలసంధికీ అదే నిబంధన వర్తింపజేసినప్పుడు, అంతర్జాతీయ జలసంధిలో ఒక దేశం ఇలా నిర్బంధించవచ్చా అని అమెరికా, సింగపూర్ అభ్యంతరం చెప్పాయి. ఆ న్యాయచర్చ ఎలా ఉన్నా, ఆ జలసంధిని బ్రిడ్జి మీద నుంచి చూసిన ఏ కెప్టెనూ పైలట్ వద్దనడని నా నమ్మకం. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఛానెల్ ఇరుకైన చోట సుమారు 800 మీటర్ల వెడల్పే ఉంటుంది. ఒక పక్క పసిఫిక్ వైపు పోటు, మరొక పక్క హిందూ మహాసముద్రం వైపు పోటు. రెండింటి వేళలు కలవవు. అందువల్ల జలసంధికి రెండు కొసల్లో నీటిమట్టం తేడాగా ఉండి, నీళ్లు ఏటిలాగా పరుగెత్తుతాయి. డ్రాఫ్ట్, అంటే ఓడ నీటిలో మునిగే లోతు, 12.2 మీటర్లు మించిన ఓడకు అక్కడ ప్రవేశం లేదు. లోడైన ఓడ అడుగు కింద ఎంత నీరు మిగులుతుందో, ఏ వేళకు దాటాలో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ 2011 నుంచి వాడుకలో ఉంది.

ఇక పనితనం. నా ఓడలెక్కిన పైలట్లలో ఎక్కువమంది చాలాకాలం కెప్టెన్లుగా పనిచేసి వచ్చినవారే. ఒకాయన వచ్చీ రాగానే తన ట్యాబ్‌ను ఓడల ఉనికిని ప్రసారం చేసే ఏఐఎస్ పరికరం ప్లగ్గుకు తగిలించుకున్నాడు, మా పాసేజ్ ప్లాన్ (ప్రయాణ దారి పథకం) అడిగి తీసుకున్నాడు, తన ప్లాన్‌తో ఒక్కొక్క మలుపూ పోల్చి, మా ఎలక్ట్రానిక్ చార్టు తెర ఎక్డిస్‌లో ఒక కోర్సు లైను దిబ్బకు ఎంత దగ్గరగా పోతోందో వేలితో చూపించాడు. తెల్లవారుజామున మూడు గంటలకు ఎదురుగా ఒక కంటైనర్ ఓడ వస్తుంటే, ఇరుకులో ఎదురుపడకుండా ఇరవై నిమిషాల ముందే వేగం తగ్గించమన్నాడు. ఆ ఇరవై నిమిషాల ముందుచూపు కోసమే డబ్బు చెల్లిస్తున్నామని నాకు ఆ రోజు అర్థమైంది.

ఈ సేవను ప్రపంచంలోని చాలా పైలట్ సేవల నుంచి వేరుచేసేది పోటీ. 1993లో పర్యవేక్షణ క్వీన్స్‌లాండ్ రాష్ట్రం చేతి నుంచి ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా చేతికి మారినప్పుడు, అంతవరకు ఒకే సంఘం చేతిలో ఉన్న పని పోటీకి తెరుచుకుంది. పైలట్లను సరఫరా చేసే సంస్థలు పుట్టాయి. పైలట్లలో అత్యధికులు వాటిలో ఉద్యోగులు కారు. ఓడకింత అని తీసుకునే కాంట్రాక్టర్లు. లైసెన్సు ఇచ్చేది ఆమ్సా, ధర నిర్ణయించేది బజారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ బజారులో సంస్థను ఎంచుకునేది, బిల్లు కట్టేది ఓడ యజమానో, దాన్ని అద్దెకు తీసుకున్న చార్టరరో, రేవులో వాళ్ల పనులు చూసే ఏజెంటో. బ్రిడ్జి మీద పైలట్ పక్కన నిలబడేది కెప్టెన్. ఏజెంటుకు రెండు సంస్థల ధరల్లో తేడా కనిపిస్తుంది గానీ, ఇద్దరు పైలట్ల మధ్య తేడా కనిపించే వీలు లేదు.

ఇందుకు నా అనుభవంలోనిదే ఒక ఉదాహరణ. ఖాళీ ఓడ నీటిపైన చాలా ఎత్తులో ఉంటుంది. పైలట్ ఎక్కవలసిన ఎత్తు 9 మీటర్లు మించితే తాళ్ల నిచ్చెన ఒక్కటే చాలదు, దానికి తోడు ఓడ పక్కనుండే మెట్ల దారి, గ్యాంగ్‌వే కూడా దించాలి. ఒకసారి మా కుర్రవాళ్లు తాళ్ల నిచ్చెనను పైకి లాగే తాడును అట్టడుగు మెట్టుకు కట్టి, వెనక్కి లాగి ఉంచారు. అది తప్పు. నిచ్చెన మెలిపడకుండా ఆపే చివరి పొడవు మెట్టు దగ్గరో దానికి పైనో కట్టి, ఓడ ముందువైపుకు లాగి ఉంచాలి. లేకపోతే ఆ తాడు వంపు పైలట్ బోటుకు తగులుకొని, నిచ్చెనతో పాటు మనిషినీ ఊడ్చుకుపోగలదు. బోటు మా పక్కకు వచ్చింది. పైలట్ తలెత్తి చూశాడు, రేడియోలో ఒకే మాట చెప్పి వెనక్కి వెళ్లిపోయాడు. తాడు సరిచేసి మళ్లీ పిలిచేసరికి నలభై నిమిషాలు పట్టింది. నాకు కోపం వచ్చిన మాట నిజమే. ఆ కోపం చల్లారాక గుర్తొచ్చిన సంగతి మరొకటి ఉంది: అంతకు ముందు ప్రయాణంలో, ఇంకో సంస్థ పంపిన పైలట్, అదే తప్పుతో కట్టిన అదే నిచ్చెన మీద, ఒక్క మాటా అనకుండా ఎక్కి వచ్చి టీ అడిగాడు. ఆ రోజు ఏజెంటు దృష్టిలో మంచి సేవ ఎవరిది? జాప్యం చేయనివాడిదే. ఓడను ఆపిన పైలట్‌కు వచ్చే నెల పని తగ్గవచ్చుననే భయం ఉంటే, ఆ భయాన్ని ఏ లైసెన్సూ తీసివేయలేదు.

ఇది నా ఒక్కడి అనుమానం కాదు. 2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్ బ్లూ అనే ట్యాంకర్, పైలట్ ఉండగానే, టోరెస్ జలసంధిలోని కిర్క్‌కాల్డీ రీఫ్ మీదికి ఎక్కింది. దాని తరువాత ఆస్ట్రేలియా రవాణా భద్రతా బ్యూరో ఈ మొత్తం సేవనే పరిశీలించి 2012లో నివేదిక ఇచ్చింది. ఒక్కో పైలట్‌కు ఒక్కో సొంత పద్ధతి ఉండడం, అలసటను అదుపులో ఉంచే ఏర్పాటు బలహీనంగా ఉండడం, చిన్న ప్రమాదాలు నివేదికల్లోకి రాకపోవడం, పైలట్ల పని తీరుకు సంస్థలు తగినంత బాధ్యత వహించకపోవడం అందులో బయటపడ్డాయి. పైలట్ పద్ధతి ముందుగా తెలియకపోతే, అతను తప్పుచేస్తున్నాడని బ్రిడ్జి మీద ఎవరు మాత్రం పసిగట్టగలరు? ఆ తరువాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు ఓడకూ పైలట్‌కూ ఉమ్మడిగా ఉండే పాసేజ్ ప్లాన్‌ను ఆమ్సాయే ప్రచురిస్తోంది, మేము ముందుగానే దాన్ని మా చార్టుల్లోకి ఎక్కించుకుంటాము. నా మటుకు ఈ సేవలో జరిగిన అతి పెద్ద మెరుగుదల అదే. అది పోటీ వల్ల రాలేదు.

పైలట్ అసలు లేకపోతే ఏమవుతుందో కూడా అదే తీరంలో చూశాము. 2010 ఏప్రిల్‌లో గ్లాడ్‌స్టోన్ నుంచి బొగ్గుతో బయలుదేరిన షెన్ నెంగ్ 1, పైలట్ తప్పనిసరి కాని ప్రాంతంలో డగ్లస్ షోల్‌ను గుద్దుకుంది. వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ అంతకు ముందు 38 గంటలకు పైగా కాలంలో నిద్రపోయింది రెండున్నర గంటలే. లోడింగ్ రేవుల్లో చీఫ్ మేట్‌గా పనిచేసిన ఎవరికీ ఆ అంకె వింతగా తోచదు.

మరి విశాఖలోలాగా రేవు యాజమాన్యమే పైలట్‌ను పంపే పద్ధతి మేలా? ధర బేరమాడే వీలులేదు, మనిషిని ఎంచుకునే వీలూ లేదు. మన దేశంలోనే ఒక రేవు బయట పైలట్ కోసం లంగరు మీద ఒక పగలంతా పడి ఉన్న అనుభవం నాకుంది, అడిగితే జవాబు చెప్పే దిక్కు లేదు. అయినా, విశాఖ డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న ఇరుకు దారిలో నా పక్కన నిలబడిన పైలట్, నన్ను నొప్పిస్తే తన జీతం తగ్గుతుందేమోనని ఆలోచించవలసిన అవసరం లేదు. యూరోపియన్ యూనియన్ 2017 నాటి రేవు సేవల నియమావళిలో మార్కెట్ ప్రవేశ నిబంధనల నుంచి పైలట్ సేవను పక్కన పెట్టడం నాకు అర్థమైంది ఈ కోణంలోనే.

నా మార్కులు: పైలట్ల నైపుణ్యానికి ఐదుకు నాలుగున్నర, ఆమ్సా నిబంధనలకు 2012 తరువాత నాలుగు, పోటీ ఏర్పాటుకు రెండు. ఆ దారిలో మొదటిసారి వెళ్లే మన అధికారులకు నా సలహా ఇంతే: డ్రాఫ్ట్‌ను నిజాయితీగా పంపండి, నిచ్చెన తాడును మీరే స్వయంగా చూడండి, ఎక్కగానే పైలట్‌ను గత రెండు రోజుల్లో ఎంతసేపు నిద్రపోయారని అడగండి. నేనడిగితే ఎవరూ తప్పుపట్టలేదు. ఒకాయన మాత్రం నవ్వి, ముందు మీ సంగతి చెప్పండి కెప్టెన్ అన్నాడు. బ్రిడ్జికి దగ్గరలో, ఏసీ పనిచేసే కేబిన్ ఒకటి పైలట్ కోసం ఖాళీగా ఉంచండి.