కిక్కు లేని బండిని తోసి స్టార్ట్ చేయడం: ఏళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

బ్యాటరీ డౌన్ అయిన బండిని గేర్‌లో వేసి తోసి స్టార్ట్ చేయడం ఈ రోజుల్లో కూడా పనికొస్తుందా? రెండు తరాల బళ్ల మీద ఏళ్ల తరబడి వాడాను. నా సమాధానం: పనికొస్తుంది, కానీ బ్యాటరీలో కొంచెమైనా ప్రాణం ఉండాలి. పెట్రోలు దానంతటదే దిగే పాత కార్బొరేటర్ బళ్లలో చాలావాటికి ఈ షరతు లేదు, పంపూ చిన్న కంప్యూటరూ కలిసి పెట్రోలు అందించే ఇప్పటి ఇంజెక్షన్ బళ్లకి ఉంది. ఈ ఒక్క తేడా తెలియక మా విశాఖలో ఎండలో చెమటలు కక్కుతూ బండి తోసేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇంట్లో మొదట ఉన్నది పాత స్ప్లెండర్. దానికి బ్యాటరీ అంటే హారన్, ఇండికేటర్ల వరకే. ప్లగ్గుకి కావలసిన కరెంటు ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వచ్చేది. పెట్రోలు ట్యాంకులోంచి దానంతటదే కార్బొరేటర్‌లోకి దిగేది. హెడ్‌లైట్ కూడా ఇంజన్ మీదే ఆధారపడేది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగితే మసకబారి, రేజ్ ఇస్తే మళ్లీ వెలిగేది. చక్రం తిరిగితే ఇంజన్ తిరుగుతుంది, ఇంజన్ తిరిగితే స్పార్క్ వస్తుంది. కిక్కు ఎలాగూ ఉండేది. దాని పళ్లు అరిగి జారిపోతున్న రోజుల్లో తోయడం మొదలుపెట్టాం, నాలుగడుగులు వేసేలోపే అందుకునేది.

ఇప్పుడు నడుపుతున్నది బీఎస్6 (బళ్ల పొగ మీద ప్రభుత్వం పెట్టిన కాలుష్య ప్రమాణం) వచ్చాక కొన్న 160 సీసీ బండి, కిక్కు లేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరం బళ్లన్నీ ఈ విషయంలో దాదాపు ఒకటే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 తప్పనిసరి అయ్యాక కొత్తగా వచ్చే బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారిపోయాయి. కిక్కు కొట్టి స్టార్ట్ చేయడాన్ని గొప్పగా చెప్పుకునే బుల్లెట్ ప్రియులకి కూడా, 2021లో కొత్త ఇంజన్‌తో వచ్చిన క్లాసిక్ 350లో ఆ కిక్కు లేకుండా పోయింది. సెల్ఫ్ పని చేయకపోతే మిగిలింది తోయడమే.

అయితే ఇంజెక్షన్ బండిలో పెట్రోలు తనంతట తాను దిగదు. ట్యాంకులో ఉన్న పంపు నెట్టాలి. ఎంత నెట్టాలో, స్పార్క్ ఎప్పుడివ్వాలో ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, చెప్పాలి. ఈ రెండూ బ్యాటరీ మీదే లేస్తాయి. ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇంజన్‌ని తిప్పడానికి సెల్ఫ్ మోటారు పదుల ఆంపియర్లు లాగుతుంది. పంపు, ఈసీయూ, స్పార్క్ ఇచ్చే కాయిల్ అన్నీ కలిపినా వాడేది కొద్ది ఆంపియర్లే. అంటే సెల్ఫ్‌ని తిప్పలేని బ్యాటరీ కూడా వీటిని నడపగలదు. ఇంజన్ తిప్పే బరువు పని మన కాళ్లు చేస్తే చాలు.

కాబట్టి తోసే ముందు తాళం తిప్పి చెవి పెట్టి వినండి. పంపు 'జుయ్'మని రెండు మూడు సెకన్లు మోగి ఆగిందా? మీటర్ వెలిగిందా? సెల్ఫ్ నొక్కితే సీటు కింద రిలే (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్) 'టకటక' కొట్టుకుంటోందా? అయితే తోయండి, అందుకునే అవకాశం బాగా ఉంది. తాళం తిప్పినా మీటర్ చీకటిగానే ఉండి, పంపు చప్పుడే లేకపోతే మాత్రం ఊరంతా తోసినా స్టార్ట్ కాదు. ఆ ఓపిక మెకానిక్ షెడ్డు దాకా నడిపించుకెళ్లడానికి దాచుకోండి. కిల్ స్విచ్, సైడ్ స్టాండ్, పెట్రోలు, ఈ మూడూ ముందే చూసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. కానీ రోడ్డు మీద టెన్షన్‌లో చాలామంది మర్చిపోయేది సరిగ్గా ఇవే.

ఇక తోసే పద్ధతి. ఫస్ట్ గేర్ వద్దు, సెకండ్ వేయండి. మా బండి తరగతిలో వెనక చక్రం ఒక చుట్టు తిరిగితే ఫస్ట్‌లో ఇంజన్ పాతిక చుట్లకి పైగా తిరగాలి, సెకండ్‌లో పదహారు పదిహేడుతో సరిపోతుంది. ఫస్ట్‌లో క్లచ్ వదిలితే ఇంజన్ అంత వేగంగా తిరగలేక చక్రాన్నే బిగబట్టేస్తుంది. టైరు తిరగకుండా ఈడ్చుకుంటూ రోడ్డు మీద నల్ల గీత గీస్తుంది. 350 సీసీ సింగిల్ సిలిండర్ బళ్లకి సెకండ్‌లో కూడా ఇదే జరుగుతుంటే థర్డ్ ప్రయత్నించాలి.

తోయడం మొదలుపెట్టే ముందు ఇంకో చిన్న పని చేస్తే సగం కష్టం తగ్గుతుంది. సెకండ్ గేర్‌లో వేసి, క్లచ్ పట్టకుండా బండిని మెల్లగా వెనక్కి లాగండి. ఒకచోట గట్టిగా ఆగిపోతుంది, అది కంప్రెషన్, అంటే ఇంజన్ లోపల గాలి నొక్కుకునే చోటు. అక్కడ ఆపి, క్లచ్ నొక్కి ముందుకి తోయడం మొదలుపెట్టాలి. క్లచ్ వదిలాక మళ్లీ కంప్రెషన్ ఎదురయ్యేలోపు ఇంజన్‌కి దాదాపు ఒకటిన్నర చుట్టు ఖాళీగా తిరిగే వీలు దొరుకుతుంది. ఆ ఊపుతో మొదటి కంప్రెషన్‌ని దాటేస్తుంది.

ఎడమ వైపు నిలబడి రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి పరుగెత్తండి. నడక వేగం చాలదు, పరుగు కావాలి. గంటకి 10 నుంచి 15 కిలోమీటర్ల వేగం అందితే బాగుంటుంది. ఇప్పుడు కీలకమైన క్షణం: క్లచ్ వదలడం, సీటు మీద బరువు పడడం ఒకేసారి జరగాలి. పక్కకి వాలి నడుమునీ తొడనీ సీటు మీద దిగేసినా చాలు. బరువు పడకపోతే వెనక టైరుకి పట్టు ఉండదు, క్లచ్ వదలగానే ఎగిరి జారుతుంది. క్లచ్‌ని మెల్లమెల్లగా వదిలినా ఊపంతా ప్లేట్లలోనే పోతుంది, టక్కున వదలాలి. ఇంజన్ దగ్గి అందుకోగానే మళ్లీ క్లచ్ నొక్కి, కొంచెం రేజ్ ఇచ్చి పట్టుకోవాలి. ఈ చివరి ముక్కే అసలు ప్రమాదం. అందుకున్న బండి ముందుకి దూకుతుంది, మీరింకా పక్కనే ఉంటారు. ఎడమ చేతి వేళ్లు క్లచ్ లీవర్ మీద నుంచి ఒక్క క్షణం కూడా తీయకూడదు. ట్రాఫిక్ ఉన్నచోట ఈ పని పెట్టుకోవద్దు, పక్క సందులోకి వెళ్లండి.

తోడు మనిషి ఉంటే ఇదంతా తేలిక. మీరు సీటు మీద కూర్చుని, వాళ్లు వెనక గ్రాబ్ రైల్ పట్టుకుని తోస్తారు. ఇండికేటర్, నంబర్ ప్లేటు పట్టుకుని తోయవద్దని ముందే చెప్పండి. మా ఊళ్లో డౌన్‌లకి కొదవ లేదు. పాండురంగపురం డౌన్ లాంటి చోట తోసే మనిషే అక్కర్లేదు. బండి జారేకొద్దీ వేగం అందుతుంది, కూర్చుని క్లచ్ వదిలితే చాలు. వాలు రోడ్డు దొరికితే వెనక్కి పది అడుగులు నడిచి అయినా అక్కడికే వెళ్తాను. వాన పడుతున్నప్పుడూ, గులకరాళ్ల మీదా, మట్టి రోడ్డు మీదా మాత్రం తోయడం వద్దనే నా సలహా.

పని చేయని చోట్లు కూడా చెప్పాలి. యాక్టివా లాంటి గేర్ లేని స్కూటర్లని ఎంత తోసినా లాభం లేదు, ఇంజన్ ముందు తిరిగితేనే వాటి క్లచ్ పట్టుకుంటుంది. స్లిప్పర్ క్లచ్ ఉన్న స్పోర్ట్స్ బళ్లు మొండికేస్తాయి. చక్రం నుంచి ఇంజన్‌కి వెళ్లే ఒత్తిడిని తగ్గించడమే ఆ క్లచ్ పని కాబట్టి, వాటికి ఇంకా వేగం కావాలి. రెండు మూడు ప్రయత్నాల్లో అందుకోకపోతే ఏ బండి అయినా ఆపేయడం మంచిది. కాలని పెట్రోలు సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్‌లోకి పోయి దాన్ని పాడు చేస్తుంది, ఆ భాగం చాలా ఖరీదు.

ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన ఉపయోగం ఇంకొకటి ఉంది: తోయడం ఒక పరీక్ష కూడా. తోస్తే అందుకున్న బండికి పెట్రోలు, స్పార్క్, కంప్రెషన్ మూడూ బాగున్నట్టే. లోపం చాలావరకు బ్యాటరీ, టెర్మినళ్లు (బ్యాటరీకి వైర్లు బిగించే చోట్లు), రిలే, సెల్ఫ్ మోటారు, ఈ నాలుగింటిలో ఒకచోట ఉంటుంది. ఒకసారి దగ్గర్లోని షాపుకి తీసుకెళ్తే చూడకుండానే కొత్త బ్యాటరీ వేయించుకోమన్నారు. ఇంటికొచ్చి సీటు విప్పితే నెగటివ్ టెర్మినల్ మీద తెల్లగా, అంచుల్లో పచ్చగా పొడి పేరుకుని ఉంది. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది మామూలే. వైరు విప్పి, వేడినీళ్లతో పాత బ్రష్షు పెట్టి రుద్ది, ఆరాక బిగించి, పైన వాసెలిన్ రాశాను. సెల్ఫ్ ఒక్క నొక్కుకి తిరిగింది. అదే బ్యాటరీ ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. చూడకుండా కొత్తది అంటగట్టే షాపుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మామూలు మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కొన్ని గంటలు ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కిందికి దిగితే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తూ కొంచెం రేజ్‌లో ఉన్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. అప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే చార్జింగ్ జరగడం లేదు, బ్యాటరీకి చార్జింగ్ అందించే రెక్టిఫయర్‌నో మాగ్నెట్ కాయిల్‌నో చూపించాలి. కొత్త బ్యాటరీ వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ తోయడమే అవుతుంది. తోసి స్టార్ట్ చేశాక కూడా ఇంటి ముందు ఐడిల్‌లో ఉంచి లాభం లేదు. అరగంటైనా రోడ్డు మీద నడపాలి.

చలికాలంలో లంబసింగి వైపు వెళ్లినప్పుడు తెల్లవారుజామున ముసలి బ్యాటరీ సంగతి బయటపడుతుంది. విశాఖలో సాయంత్రం బాగా తిరిగిన సెల్ఫ్ అక్కడ పొద్దున్నే మూలుగుతుంది, చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది మరి. ఆ ఘాట్‌లో డౌన్‌లు దొరుకుతాయి గానీ పొగమంచులో, తడి రోడ్డు మీద, మలుపుల్లో ఆ ధైర్యం చేయను. అందుకే ఇప్పుడు చిన్న లిథియం జంప్ స్టార్టర్ ఒకటి బ్యాగులో పెట్టుకుంటున్నాను. ఎర్ర క్లిప్పు పాజిటివ్‌కి, నల్లది నెగటివ్‌కి తగిలించి సెల్ఫ్ నొక్కడమే. బ్యాటరీ పూర్తిగా చచ్చిన రోజున ఇంజెక్షన్ బండికి ఇదే దిక్కు, అక్కడ తోయడం దీనికి సాటి రాదు. కొనే ముందు మీ బండి సీటు విప్పి చూసుకోండి. కొన్నింటిలో టెర్మినళ్లు ఇరుకు మూలలో ఉండి క్లిప్పులు సరిగ్గా పట్టవు. రెండు మూడు నెలలకోసారి దాన్ని చార్జ్ చేయాలి. ఎండలో పార్క్ చేసిన బండి సీటు కింద మాత్రం దాన్ని వదిలేయకండి, లిథియానికి ఆ వేడి పనికిరాదు.