క్రిస్మస్‌కి మెదక్ వెళ్ళేవాళ్ళు ఈ ట్రావెల్స్‌తో జాగ్రత్త

కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా. ఈ నెలంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ప్యాకేజీ ఉంది కదా, పశువుల పాక బొమ్మ వేసి, ఒకే రోజులో సిటీ చర్చిల్లో క్రిబ్‌లు (యేసు పుట్టిన పాకని బొమ్మలతో పెడతారే, అవి), చివర్లో మెదక్ చర్చి అని? ఆ సికింద్రాబాద్ ట్రావెల్స్ వాళ్ళకి దయచేసి ఎవరూ డబ్బు కట్టకండి.

మేము ఏటా 26న ఇంటిల్లిపాదీ క్రిబ్‌లు చూడ్డానికి వెళ్తాం. ముందు గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథడ్రల్, తర్వాత సికింద్రాబాద్ సెయింట్ మేరీస్, అక్కణ్ణించి మెదక్. ఈసారి అత్తమ్మ వాళ్ళూ వస్తామంటే టెంపో ట్రావెలర్ మాట్లాడాం. బండి మొత్తం మీకే, రెండింటికల్లా మెదక్‌లో దింపుతాం అని చెప్పి 9,500 ముందే కట్టించుకున్నారు.

రెండింటికి అని ఎందుకు పట్టుబట్టామో మెదక్ చర్చి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అక్కడి రంగు అద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉంటాయి, బయట ఎండ ఉంటేనే ఆ బొమ్మలు వెలుగుతాయి. డిసెంబర్లో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది, ఆ తర్వాత వెళ్తే ఏమీ కనపడదు. మా అమ్మకి ఆ పుట్టుక కిటికీ చూస్తేనే పండగ చేసుకున్నట్టు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన గుడి అది. కరువులో జనానికి పని ఇచ్చి, తిండి పెట్టి మిషనరీ పోస్నెట్ దొర కట్టించాడు. ఆ పనిలో మా వాళ్ళు రాళ్ళు మోశారని అమ్మ వెళ్ళిన ప్రతిసారీ పిల్లలకి చెప్తుంది.

బండి ఆలస్యంగా వచ్చింది, సరే అనుకున్నాం. సిటీలో రెండు చోట్లా డ్రైవర్ హారన్ కొట్టి మరీ తొందరపెట్టాడు, పిల్లలు గొర్రెల్ని, జ్ఞానుల్ని సరిగ్గా చూడను కూడా లేదు. బాలానగర్ దగ్గర ఆపి ఇంకో కుటుంబాన్ని ఎక్కించాడు. అదేంటంటే ఓనర్ చెప్పాడన్నాడు. వాళ్ళు ఏడుపాయల దుర్గమ్మ గుడికి వెళ్ళాలట. మాటల్లో తెలిసింది, వాళ్ళకీ బండి మొత్తం మీకే అని చెప్పి డబ్బు పూర్తిగా తీసుకున్నారు! వాళ్ళ ఫోన్లో ఉన్న మెసేజ్, మాకు వచ్చిన మెసేజ్ అక్షరం తేడా లేదు, ఊరి పేరు తప్ప. పాపం వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళూ మాలాగే మోసపోయారు.

మెదక్ ఇంకాస్త దూరం ఉందనగా బండి ఏడుపాయల వైపు తిప్పాడు. నేను ఓనర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అమ్మే మాట్లాడింది, బాబూ చీకటి పడితే కిటికీ కనపడదు, ముందు మమ్మల్ని దింపి తర్వాత వీళ్ళని తీసుకెళ్ళమను అని బతిమాలింది. దానికి వాడన్న మాట: "బొమ్మల కోసం ఇంత గొడవేంటమ్మా, లైట్లు వేసుకుని చూడండి. మీ గల్లీ చర్చిలో లేవా బొమ్మలు?" అంతే, ఫోన్ పెట్టేశాడు. మా అమ్మకి డెబ్భై దాటాయి. బండిలో అందరి ముందూ ఆ మాట అనిపించుకుంది. ఆలస్యమైనా, డబ్బు పోయినా ఓర్చుకునేవాళ్ళమేమో, ఈ మాటని మాత్రం వదిలేది లేదు.

మేము చేరేసరికి ఆరు దాటింది. గుడి నిండా దీపాలు, జనం, కిటికీ మాత్రం నల్లగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే అద్దం ముక్కల మధ్య సీసపు గీతలు తప్ప ఏమీ తెలియట్లేదు. ఈ ఏడు కంటి ఆపరేషన్ అయ్యింది కదా, రంగులన్నీ బాగా కనపడతాయని అమ్మ నెల నుంచీ అంటూనే ఉంది.

మర్నాడు సగం డబ్బైనా ఇమ్మని అడిగితే నంబర్ బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చాం, ఆ ఏడుపాయల కుటుంబం కూడా ఇస్తున్నారు.

ఎవరైనా బండి మాట్లాడుకుంటే వేరేవాళ్ళని ఎక్కించబోమనీ, ఎన్నింటికి చేరుస్తారనీ మెసేజ్‌లో రాయించుకోండి, సగం కంటే ఎక్కువ అడ్వాన్స్ ఇవ్వొద్దు. చాలా చర్చిల్లో క్రిబ్ జనవరి 6 దాకా ఉంచుతారు కాబట్టి ఇంకా వెళ్ళేవాళ్ళు ఉంటారు, మెదక్ అయితే మాత్రం మూడింటిలోపే లోపల ఉండేలా చూసుకోండి.