లినోకట్ కిట్: మా సీతాఫలం చెట్టుకు నాలుగు అచ్చులు

మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వెనక సీతాఫలం చెట్టు ఉంది. బాలానగర్ రకం, మా జిల్లాలోని ఊరి పేరే ఆ రకానికి. కాలానికొకటి చొప్పున దానివి నాలుగు అచ్చులు వేద్దామని పోయిన ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో లినోకట్ కిట్ తెప్పించాను, 850 రూపాయలు. లినోకట్ అంటే లినో అనే షీట్ మీద బొమ్మ చెక్కి, రోలర్‌తో ఇంకు పూసి, కాగితం మీద అచ్చు వేయడం. నాలుగూ పూర్తయ్యాకే ఇది రాస్తున్నా. కొనొచ్చు, కానీ దాంట్లో వచ్చే ఇంకును నమ్ముకోవద్దు.

నాలుగు చిన్న లినో షీట్లు, ఒకే పిడికి మార్చి మార్చి బిగించుకునే ఐదు బ్లేడ్లు, రోలర్, నల్ల ఇంకు ట్యూబు ఉంటాయి. ఎండాకాలంలో మా చెట్టు ఆకు రాల్చి ఉత్త కొమ్మలతో నిలబడుతుంది కదా, అది సులువనుకుని మొదలుపెట్టా. అదే కష్టమైంది. లినోలో చెక్కిన చోటు తెల్లగా, వదిలేసిన చోటు నల్లగా పడుతుంది, కాబట్టి ఒక్క సన్న కొమ్మ రావాలంటే దాని చుట్టూ ఉన్నదంతా తీసేయాలి. షీట్ గట్టిగా అనిపిస్తే పది నిమిషాలు ఎండలో పెట్టండి, అవిసె నూనెతో చేసింది కాబట్టి వేడికి మెత్తబడుతుంది, బ్లేడు చక్కగా దిగుతుంది. రెండో చెయ్యి మాత్రం ఎప్పుడూ బ్లేడుకు వెనకే ఉండాలి.

ఇంకు నీళ్లలో కలిసే రకం. మే నెల మధ్యాహ్నం అద్దం మీద రోలర్ తిప్పుతుండగానే ఆరిపోయి కాగితం మీద మచ్చలు మచ్చలుగా పడింది, ఆరు మంచి కాగితాలు పోయాయి, చాలా బాధేసింది. తర్వాత పొద్దున ఆరింటికే ఫ్యాన్ ఆపేసి, కాగితం కొంచెం తడిపి వేస్తే కుదిరింది. చివరికి నూనె ఇంకు విడిగా కొన్నా. దాంతో తొందర ఉండదు, కానీ వానాకాలంలో వేసిన ఆకులూ పూల అచ్చు ఆరడానికి వారం పట్టింది.

ఈ ఖర్చంతా మరిచిపోయేలా చేసింది దసరాకు వేసిన కాయ. సీతాఫలం తెంపే ముందు కండ్లు తెరిచిందా లేదా చూస్తాం కదా, బుడిపెల మధ్య గీతలు వెడల్పై తెల్లబడతాయి. లినోలో నేను చెక్కాల్సినవి సరిగ్గా ఆ గీతలే! మొదట సన్నగా చెక్కి ఒక ప్రింట్ తీశా. అమ్మ చూసి "ఇది పచ్చికాయ, ఇంకా కండ్లు తెరవలే" అంది. వి ఆకారం బ్లేడుతో అవే గీతలు ఇంకొంచెం వెడల్పు చేసి మళ్లీ తీస్తే "ఇగ తెంపొచ్చు" అంది. ఒకే షీట్ మీద పచ్చికాయ, పండే కాయ రెండూ వచ్చాయి. ఆ రెండూ పక్కపక్కన ఫ్రేమ్ కట్టించా.

జనవరిలో పసుపుబారిన ఆకుల అచ్చుకు వచ్చేసరికి వెడల్పుగా చెక్కే యు ఆకారం బ్లేడు మొద్దుబారింది, ఆ కంపెనీ విడి బ్లేడ్లు అమ్మడం లేదు. అందుకే వెడల్పు పని ఎక్కువున్న బొమ్మ ముందే చెక్కేసుకోండి.